మోకాళ్లు అరిగితే నడక మానాలా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు, మోకాళ్లు అరిగినాయని ఎక్స్‌రేలో తేలింది, డాక్టరేమో ఎక్సర్‌సైజ్ చేయమంటాడు, ఇరుగుపొరుగేమో నడిస్తే ఇంకా అరుగుతాయంటారు, ఎవరి మాట వినాల? – ఒక పాఠకురాలు, తాడిపత్రి

జవాబు: డాక్టర్ మాటే వినండమ్మా. మోకాలేం బండి టైరు కాదు, తిరిగేకొద్దీ అరిగిపోడానికి. లోపల ఎముకల కొసల మీదుండే నున్నటి పొరకు, అంటే మృదులాస్థికి, రక్తనాళాలుండవు, కదిలిస్తేనే దానికి పోషణ. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కి 5 లెక్కపెట్టి వదలమనండి, ఒక్కో కాలికి 10 సార్లు, తొడ కండ బిగుసుకునేది చేతికి తెలియాల. కొంచెం నొప్పి ఉంటుంది, తెల్లారేసరికి తగ్గితే ఫర్వాలేదు, తగ్గకపోతే సగమే చేయించండి. బరువు 1 కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది. బండల మీద గొంతుకూర్చుని చెనిక్కాయలు వలిచేది మాత్రం మాన్పించి కుర్చీ వేయండి.