టెక్ సందేహాలు: గ్యాలరీలో డిలీట్ చేస్తే గూగుల్‌లోనూ ఎందుకు పోయాయి?

ఈసారి వచ్చిన సందేహాల్లో ఎక్కువ ఫోటోల గురించే. అందుకే రౌటర్లు, ప్రింటర్ల ప్రశ్నలు వచ్చే వారానికి పెట్టి ఇవి మాత్రమే తీసుకుంటున్నాను.

హనుమకొండ నుంచి ఒక సోదరి: ఫోన్ మెమరీ నిండిపోయింది. గూగుల్ ఫోటోస్‌లో ఎలాగూ ఉన్నాయి కదా అని ఫోన్‌లోవి డిలీట్ చేశాను. రెండు చోట్లా పోయాయి. మా అత్తమ్మ చివరిసారి బతుకమ్మ పేర్చినప్పటి ఫోటోలు కూడా అందులోనే ఉన్నాయి. ఏమైనా దారి ఉందా అన్నా?

అక్కా, మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ముందు గూగుల్ ఫోటోస్ తెరిచి కలెక్షన్స్‌లో ఉన్న బిన్ చూడండి. కొన్ని ఫోన్లలో దాని పేరు ట్రాష్ అని ఉంటుంది. బ్యాకప్ అయిన ఫోటో డిలీట్ చేశాక 60 రోజులు అందులో ఉంటుంది, బ్యాకప్ కానిదైతే 30 రోజులే. ఫోటో మీద నొక్కిపట్టి రీస్టోర్ కొడితే మళ్లీ వచ్చేస్తుంది. అక్కడ లేకపోతే ఫోన్‌తో వచ్చిన గ్యాలరీ యాప్‌లో వేరే రీసైకిల్ బిన్ ఉందేమో చూడండి. అక్కడా లేకపోతే ఆ బతుకమ్మ ఫోటోలు వాట్సాప్‌లో ఎవరెవరికి పంపారో గుర్తు చేసుకుని ఇవాళే ఫోన్ చేసి అడగండి. ఆడబిడ్డల ఫోన్లలో, మీ వాడ గ్రూపులో ఎక్కడో ఒకచోట ఉండే అవకాశం చాలా ఉంది.

ఇక అసలు ఎందుకు పోయాయంటే, గూగుల్ ఫోటోస్, ఐక్లౌడ్ ఫోటోస్ లాంటివి ఫోన్‌నీ క్లౌడ్‌నీ (ఇంటర్నెట్‌లో మన ఫైళ్లు దాచే చోటు) ఒకేలా ఉంచడానికి చూస్తాయి. ఇక్కడ తీసేస్తే అక్కడా తీసేస్తాయి. చాలామంది దీన్నే విడిగా ఉండే కాపీ అనుకుంటారు, ఈ ఒక్క అపోహ వల్ల పోయినన్ని ఫోటోలు ఫోన్ దొంగల వల్ల కూడా పోయి ఉండవని నా నమ్మకం. ఫోన్‌లో జాగా కావాలంటే గూగుల్ ఫోటోస్‌లోనే 'ఫ్రీ అప్ స్పేస్' అనే ఆప్షన్ ఉంది, అది బ్యాకప్ అయినవాటినే ఫోన్ నుంచి తీసి క్లౌడ్‌లో ఉంచుతుంది. అయితే ఆ తర్వాత మీ దగ్గర మిగిలేది క్లౌడ్‌లోని ఒక్క కాపీయే. కాబట్టి నొక్కే ముందు ఇంకోచోట కాపీ పెట్టుకోండి.

ఇంకో రెండు విషయాలు చూసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోల ఫోల్డర్ మామూలుగా బ్యాకప్ కాదు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ ఫోల్డర్‌ను విడిగా ఆన్ చేయాలి. రెండోది, బ్యాకప్ ఏ మెయిల్ ఐడీలోకి వెళ్తోందో చూడండి. మన దగ్గర చాలామందికి ఫోన్ కొన్నప్పుడు షాపులో అబ్బాయే ఏదో ఒక జీమెయిల్ తెరిచి ఇస్తాడు, పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియదు, ఫోన్ పాడైన రోజు ఫోటోలన్నీ క్లౌడ్‌లో భద్రంగానే ఉంటాయి కానీ తీసుకునే దారి ఉండదు. ఫోన్ పనిచేస్తున్నప్పుడే మీ నంబర్‌ను రికవరీ నంబర్‌గా పెట్టి, పాస్‌వర్డ్ మార్చి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

జగిత్యాల నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: మా బాపు దుబాయ్‌లో ఉంటాడు. ఆయన ఫోటోలన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి. ప్రింట్ తీయిస్తే మసకగా ఉంటున్నాయి. పైగా గూగుల్ స్టోరేజ్ ఫుల్ అని రోజూ మెసేజ్ వస్తోంది.

తమ్ముడూ, వాట్సాప్ మామూలుగా పంపే ఫోటోను బాగా కుదిస్తుంది, ఎప్పుడు తీశారన్న తేదీ వివరాలు కూడా తీసేస్తుంది. హెచ్‌డీ పెట్టినా కొంత కుదింపు ఉంటుంది. బాపును అటాచ్ గుర్తు నొక్కి డాక్యుమెంట్‌గా పంపమను, అప్పుడు ఫైల్ ఉన్నదున్నట్టు వస్తుంది. స్టోరేజ్ సంగతికొస్తే, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ సర్దుకోవాలి. 2021 జూన్ 1 నుంచి ఎక్కించిన ఫోటోలన్నీ ఈ లెక్కలోకే వస్తున్నాయి, ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఇందులోకే వస్తుంది. నిండితే ఫోటోల బ్యాకప్ ఆగిపోవడమే కాదు, మెయిల్స్ రావడం కూడా ఆగుతుంది. ఉద్యోగాలకు అప్లై చేసే వయసు కదా, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వాట్సాప్ బ్యాకప్‌లో వీడియోలు కలపొద్దని సెట్టింగ్ మార్చు, చాలా జాగా మిగులుతుంది. ఇంట్లోవాళ్ల వీడియోలేవైనా ఉంటే ముందు కంప్యూటర్‌లోకి తీసిపెట్టుకో.

వచ్చేసారి బాపు సెలవుకి వచ్చినప్పుడు ఇంటి ఫోటోలన్నీ ఒక చిన్న హార్డ్‌డిస్క్‌లో ఎక్కించి తిరుగు ప్రయాణంలో సూట్‌కేస్‌లో పెట్టి పంపు. ఆధార్, బ్యాంకు కాగితాల ఫోటోలు మాత్రం అందులో ఉంచకు. జగిత్యాలలో ఏం జరిగినా దుబాయ్‌లో ఒక కాపీ ఉంటుంది, ఆయనకూ ఇల్లు చూసుకున్నట్టు ఉంటుంది.

వరంగల్ ఎన్టీఆర్ నగర్ నుంచి: 2023 జూలై వరదలో ఇంట్లోకి నీళ్లొచ్చి కంప్యూటర్, దాని పక్కనే ఉన్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ రెండూ మునిగాయి. ఫోటోలన్నీ ఆ రెండింట్లోనే. హార్డ్‌డిస్క్ ఎండబెట్టి దాచాను, ఇప్పుడు కంప్యూటర్‌కి పెట్టి చూడొచ్చా?

వద్దు. దయచేసి కరెంటు ఇవ్వకండి. హార్డ్‌డిస్క్ లోపల తిరిగే పళ్లేనికీ దాన్ని చదివే హెడ్‌కీ మధ్య ఖాళీ నానోమీటర్లలో ఉంటుంది, వరద నీటిలోని సన్నని మట్టి ఎండి పళ్లెం మీద పేరుకుంటే, తిప్పిన మొదటి నిమిషంలోనే గీతలు పడి ఉన్నది కూడా పోతుంది. డేటా రికవరీ చేసేవాళ్లలో దుమ్ము లేని గదిలో డిస్క్ తెరిచే సౌకర్యం ఉన్నవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి, మామూలు రిపేర్ షాపులో తెరవనివ్వకండి. ముందు పరీక్షించి ఎంతవరకు వస్తుందో, ఎంత అవుతుందో చెప్పమనండి, డేటా వస్తేనే డబ్బులు అనే షరతు రాయించుకోండి. ఇన్నేళ్లు ఎండి ఉంది కాబట్టి తప్పక వస్తుందని నేను చెప్పలేను, కానీ ప్రయత్నించకుండా పడేయొద్దు. ఇక ముందు ఎప్పుడైనా డిస్క్ తడిస్తే ఎండబెట్టకుండా, బియ్యంలో పెట్టకుండా, తడి ఆరిపోకుండా కవర్‌లో చుట్టి వెంటనే తీసుకెళ్లాలి.

ఆల్బమ్‌లోని కాగితం ఫోటోలు తడిస్తే ఒకదానికొకటి అంటుకుని ఆరిపోకముందే మెల్లగా విడదీసి, చల్లని మంచినీటిలో కడిగి, బొమ్మ వైపు పైకి పెట్టి నీడలో ఆరబెట్టండి. బొమ్మ మీద గుడ్డతో తుడవొద్దు.

మీకు నష్టం జరిగింది కాపీ లేక కాదు, రెండు కాపీలూ ఒకే గదిలో ఉండటం వల్ల. ఆ జూలైలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, మోరంచపల్లి ఊరు ఊరే మునిగింది. అలాంటి రోజున పై అల్మారాలో పెట్టిన డిస్క్ కూడా ఆగదు. ఒక కాపీ వేరే ఊళ్లో ఉండాల్సిందే.

ములుగు నుంచి: మేడారం జాతరలో ఫోన్ పోయింది. అందులో పాప ఫోటోలున్నాయి. ఫోన్‌ను దూరం నుంచి ఎరేజ్ చేయమంటున్నారు, చేయాలా?

మొదట ఇంకో ఫోన్‌లో మీ జీమెయిల్‌తో గూగుల్ ఫోటోస్ తెరిచి ఎంతవరకు బ్యాకప్ అయిందో చూడండి. చాలా ఫోన్లలో బ్యాకప్ వైఫై ఉంటేనే జరిగేలా ఉంటుంది, ఇంట్లో వైఫై లేకపోతే నెలల ఫోటోలు ఎక్కకుండా ఉండిపోతాయి. ఎరేజ్ చేస్తే ఫోన్ దొరికినా ఫోటోలు రావు, కాబట్టి ముందు లాక్ చేయండి, సిమ్ బ్లాక్ చేయించి డూప్లికేట్ సిమ్ తీసుకోండి, బ్యాంకుకు చెప్పండి. పోలీసులకు ఫిర్యాదు చేసి, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో పోయిన ఫోన్లను బ్లాక్ చేసే సీఈఐఆర్ విభాగంలో ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబర్) నమోదు చేయండి. ఇలా పోయిన ఫోన్లు తిరిగి దొరుకుతున్నాయి, ఆశ వదులుకోవద్దు.

కరీంనగర్ నుంచి: ఆన్‌లైన్‌లో 2 టీబీ పెన్‌డ్రైవ్ ఆరు వందలకే వస్తోంది, ఫోటోలకు కొనొచ్చా?

కొనొద్దు. లోపల ఉండేది చాలా చిన్న మెమరీ, కంప్యూటర్‌కి మాత్రం 2 టీబీ అని అబద్ధం చెప్పేలా మార్చి అమ్ముతారు. అసలు మెమరీ నిండాక ఫైళ్ల పేర్లు కనిపిస్తూనే ఉంటాయి, తెరిస్తే తెరుచుకోవు. ఇప్పటికే కొన్నవాళ్లు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పరీక్షించుకోవచ్చు. అసలైన పెన్‌డ్రైవ్ కూడా ఫోటోలు ఇచ్చిపుచ్చుకోవడానికే మంచిది, ఏళ్ల తరబడి దాచడానికి కాదు.

నిర్మల్ నుంచి ఒక ఉపాధ్యాయుడు: ఎక్కువ ఖర్చు లేకుండా, కంప్యూటర్ పెద్దగా రానివాళ్లు కూడా చేయగలిగే పద్ధతి ఒకటి చెప్పండి.

సార్, ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఉంది: మూడు కాపీలు, రెండు రకాల చోట్లలో, ఒకటి ఇంటి బయట. మన ఇళ్లకు దాన్ని ఇలా సర్దుకోవచ్చు. ఫోన్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి, హార్డ్‌డిస్క్‌లో ఒకటి. కుదిరితే రెండో డిస్క్ కూడా కొని పెళ్లయిన చెల్లెలి ఇంట్లోనో, సొంత ఊళ్లోనో పెట్టండి. 1 టీబీ డిస్క్‌లో ఫోటోకు 5 ఎంబీ చొప్పున చూసినా దాదాపు రెండు లక్షలు పడతాయి. ఏటా బతుకమ్మ, దసరాకు అందరూ ఇంటికొస్తారు కదా, ఆ సెలవుల్లోనే ఏడాది ఫోటోలు ఎక్కించి డిస్కులు మార్చుకోవడం పెట్టుకుంటే మరిచిపోరు.

ఎక్కించేటప్పుడు కట్ చేయకండి, కాపీ చేయండి. మధ్యలో కేబుల్ కదిలినా, కరెంటు పోయినా కట్ చేసిన ఫైల్ రెండు చోట్లా లేకుండా పోవచ్చు. పూర్తయ్యాక కొన్ని ఫోటోలు, వీడియోలు డిస్క్ నుంచే తెరిచి చూడండి, ఎజెక్ట్ కొట్టి తీసి పక్కన పెట్టండి. ఎప్పుడూ కంప్యూటర్‌కే పెట్టి ఉంచితే వైరస్ వచ్చిన రోజు దాన్ని కూడా పాడుచేస్తుంది. పెళ్లి సీడీలు, డీవీడీలు ఉన్నవాళ్లు ఈ సెలవుల్లోనే వాటినీ డిస్క్‌లోకి దించుకోండి, ఇంట్లో రాసిన సీడీల మీది రంగుపూత ఏళ్లు గడిచేకొద్దీ చెడిపోతుంది.

చివరగా గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటుంది. రెండేళ్లు వాడని అకౌంట్లను గూగుల్ తొలగించవచ్చు, అందులోని ఫోటోలతో సహా. మీరు కొన్ని నెలలు అకౌంట్ వాడకపోతే ఫోటోలు ఎవరికి అందాలో అక్కడ ముందే రాసి పెట్టవచ్చు. మేడమ్ గారిదో పిల్లలదో మెయిల్ ఐడీ ఇచ్చి, ఇచ్చినట్టు వాళ్లకు కూడా చెప్పండి.