రొయ్యలు పడనివారు సముద్రపు నాచు క్రీము రాసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. రొయ్యలు తింటే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. థైరాయిడ్ తక్కువగా ఉందని రోజూ మాత్ర వేసుకుంటున్నాను. సముద్రపు నాచుతో చేసిన క్రీము మూడు వారాలుగా రాస్తుంటే బుగ్గలపై సన్నని పొక్కులు లేచి దురద పెడుతున్నాయి. ఇది రొయ్యల ఎలర్జీయేనా? అందులోని అయోడిన్ వల్ల థైరాయిడ్‌కు ముప్పు ఉందా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందుగా ఆ క్రీము ఆపేయండి. రొయ్యల ఎలర్జీకి కారణం వాటి కండరాల్లో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్; చాలామంది అనుకుంటున్నట్టు అయోడిన్ కాదు. నాచు అసలు జంతువే కాదు కనుక రొయ్యలు పడనంత మాత్రాన నాచు పడకూడదని లేదు. అయితే ఎండబెట్టి దంచిన నాచు పొడిలో రొయ్య జాతికి చెందిన చిన్న జీవులు కలిసి ఉండవచ్చు కాబట్టి, ఆ పొడితో వేసే ఫేస్ ప్యాక్‌లకు మీరు దూరంగా ఉండండి.

మీ పొక్కుల విషయంలో నాకు ఎక్కువ అనుమానం క్రీములోని సువాసన ద్రవ్యాలు, నిల్వ ఉంచే రసాయనాల మీదే. కొత్త పదార్థానికి చర్మం ఎలర్జీ పెంచుకోవడానికి సాధారణంగా 10 రోజులో, అంతకంటే ఎక్కువో పడుతుంది. అందుకే మొదటి వారమంతా బాగానే ఉండి తరువాత దురద మొదలవడం మేము తరచుగా చూస్తాం. దురద లేకుండా గింజల్లాంటి పొక్కులే ఉంటే, మన గుంటూరు ఎండలో చెమటతో కలిసిన చిక్కటి క్రీము రంధ్రాలను మూసేసిందని అనుకునేవాణ్ణి.

పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. ముఖానికి రాసే కొద్దిపాటి క్రీము నుంచి థైరాయిడ్‌ను దెబ్బతీసేంత అయోడిన్ ఒంట్లోకి చేరే అవకాశం చాలా తక్కువ. అసలు ప్రమాదం మింగే వాటితోనే ఉంది: కెల్ప్ అనే గోధుమరంగు నాచు ఒక్క గ్రాములోనే రోజు అవసరానికి ఎన్నో రెట్ల అయోడిన్ ఉండవచ్చు. చర్మం మెరుస్తుందని ఎవరు చెప్పినా కెల్ప్ మాత్రలు మీరు వేసుకోవద్దు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీమును ముఖానికి రాయకండి. దురద రెండు రోజుల్లో తగ్గినా, వాడగా వాడగా చర్మం పలచబడి ఎర్రబారుతుంది. రెండు వారాల్లో పొక్కులు తగ్గకపోతే చర్మ వైద్యులను కలవండి. వీపుపై పట్టీలు అంటించి 48 గంటల తరువాత తీసి చూసే ప్యాచ్ పరీక్షతో ఏ పదార్థం పడలేదో తెలుస్తుంది. కనురెప్పలు వాచినా, రసి కారినా అంతవరకు ఆగవద్దు. వెళ్లేటప్పుడు క్రీము ట్యూబుతో పాటు దాని అట్టపెట్టె కూడా తీసుకెళ్లండి, పదార్థాల జాబితా చాలాసార్లు దాని మీదే ఉంటుంది.