ఎమ్మా లాంగ్ పార్కులో పిల్లలతో గాలం, టెంటు: ముందే తెలుసుకోవాల్సినవి

టెక్సస్ వచ్చి నాలుగు నెలలైందనీ, 8, 11 ఏళ్ల పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన మీ నాన్నగారితో ఆస్టిన్‌లోని ఎమ్మా లాంగ్ పార్కులో శనివారం రాత్రి టెంటు వేసుకుని చేపలు పట్టాలనుకుంటున్నామనీ రాశారు. లైసెన్సు కావాలా, ఏం కొనాలి అని అడిగారు కదా, ముందు లైసెన్సు సంగతి చూద్దామండి.

కావాలి. టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఒడ్డు మీంచి గాలం వేస్తే లైసెన్సు అక్కర్లేదు. ఆ మాట విని అన్ని పార్కులకూ అదే రూలనుకుంటారు. కానీ ఎమ్మా లాంగ్ సిటీ వాళ్ల పార్కు. పాతవాళ్లు ఇప్పటికీ దాన్ని సిటీ పార్క్ అనే అంటారు. గేటు దగ్గర కట్టే ఎంట్రీ ఫీజుకూ, చేపల లైసెన్సుకూ సంబంధం లేదు. 17 ఏళ్ల లోపు పిల్లలకు లైసెన్సు అవసరం లేదు. రాష్ట్రంలో వరసగా ఆరు నెలలు దాటితేనే రెసిడెంట్ కింద లెక్క, కాబట్టి మీకు ఇప్పుడు 30 డాలర్ల మంచినీటి లైసెన్సు రాదు, నాన్ రెసిడెంట్‌ది 58 డాలర్లు. నాన్నగారికి వన్ డే లైసెన్సు 16 డాలర్లు. సీనియర్ తగ్గింపు రెసిడెంట్లకే. వన్ డే అంటే తేదీ లెక్క. శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున రెండు పూటలా ఆయన గాలం వేస్తే రెండు రోజులకు తీసుకోవాలి. నాన్ రెసిడెంట్ ఏడాది లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది, జులైలో 58 పెట్టడం దండగ. జూన్ మొదటి శనివారం ఒక్క రోజు మాత్రం ఎవరికీ లైసెన్సు అవసరం ఉండదు.

ఇక చేపలు. పిల్లలతో మొదటిసారి వెళ్తూ పెద్ద బాస్ చేప మీద ఆశ పెట్టుకోకండి. ఒడ్డు పక్కనే తిరిగే బ్లూగిల్ పట్టించండి, అరచేతి సైజు చేప, గంటలో నాలుగైదు సార్లయినా ఎర కొరుకుతుంది. దీనికి 5 లేదా 6 అడుగుల తేలికపాటి స్పిన్నింగ్ రాడ్డు, 6 పౌండ్ల లైను, 8వ నంబరు హుక్కు, నీళ్ల మీద తేలే బఠాణీ గింజంత బెండు, దాని కింద ఒక చిన్న సీసపు గుండు చాలు. హుక్కు నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుందని గుర్తుంచుకోండి. షాపులో ముందు కనిపించే 2వ నంబరు ప్యాకెట్ తెచ్చి, దానికి వానపాము మొత్తం గుచ్చేవాళ్లే ఎక్కువ. బ్లూగిల్ నోరు చిటికెన వేలి కొన కూడా పట్టనంత ఉంటుంది. వేలాడే చివర కొరుక్కుని పోతుంది, బెండు ఊగుతూనే ఉంటుంది, చేప మాత్రం రాదు. వానపామును అర అంగుళం ముక్కలు చేసి, హుక్కు మొన ఒక్కటే బయటికి కనిపించేలా గుచ్చండి. బెండుకూ హుక్కుకూ మధ్య రెండు అడుగులు ఉంచండి. దూరంగా విసరొద్దు. పడవలు కట్టే డాక్ నీడ, నీళ్లలోకి వంగిన చెట్టు, గడ్డి అంచు, ఒడ్డు నుంచి పది అడుగుల్లోపే.

ముడి సంగతి కాస్త ఓపికగా చదవండి, ఎందుకంటే పోయిన చేపల్లో సగం ముడి దగ్గరే పోతాయి. లైనును హుక్కు కన్నంలోంచి దూర్చి, దాని మీదే ఐదు చుట్లు తిప్పి, కొసను కన్నం పక్కనున్న మొదటి సందులోంచి తెచ్చి, ఏర్పడ్డ పెద్ద ఉచ్చులోంచి మళ్లీ దూర్చి, ఉమ్మితో తడిపి నెమ్మదిగా బిగించండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ అక్కడే బలహీనపడి, చేప గుంజగానే ముడి దగ్గరే తెగుతుంది. హుక్కు మొన వెనకుండే ఎదురు ముల్లును ప్లయర్‌తో నొక్కేయండి, పిల్లల వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వచ్చేస్తుంది.

సాయంత్రం నాన్నగారికి క్యాట్‌ఫిష్ సరదా. బెండు తీసేసి, లైను మీద జారే అర ఔన్సు గుండు, 1/0 సర్కిల్ హుక్కు (మొన లోపలికి వంగి ఉండేది, 8వ నంబరు కన్నా బాగా పెద్దది), ఎరగా కోడి కార్జం లేదా పచ్చి రొయ్య, అడుగున పడేయాలి. సర్కిల్ హుక్కుకు గట్టిగా గుంజకూడదు, లైను బిగిసేదాకా ఆగి రీలు తిప్పుతూ ఉంటే అదే మూతి మూలన తగులుకుంటుంది. మన జెల్లకున్నట్టే దీనికీ వీపు మీద ఒకటి, పక్క రెక్కలకు ఒక్కోటి ముళ్లుంటాయి. చూపుడు వేలూ మధ్య వేలూ పక్క రెక్కల వెనక ఉంచి పట్టుకోవాలి. ఇంటికి తెచ్చుకుంటే పొలుసుండదు గానీ జిగురు ఎక్కువ, రాళ్ల ఉప్పు, చింతపండు వేసి రుద్ది కడిగితే పులుసులో నీచు వాసన రాదు.

లెక్క: రాష్ట్రం నియమం ప్రకారం లార్జ్‌మౌత్ బాస్ 14 అంగుళాలు దాటితేనే ఉంచుకోవాలి, మనిషికి రోజుకు ఐదు. కొలిచేటప్పుడు నోరు మూసి, తోకను దగ్గరికి నొక్కి కొలవాలి. బ్లూగిల్‌కు సైజూ లేదు, సంఖ్యా లేదు.

శని, ఆదివారాలు ఎండెక్కాక పార్కును ఆనుకున్న లేక్ ఆస్టిన్ నిండా పెద్ద అలలు లేపే వేక్ బోట్లే. వాటి అలలకు బెండు ఎటో కొట్టుకుపోతుంది, ఒడ్డు నీళ్లు బురదవుతాయి. తెల్లారాక 9 గంటల్లోపు అసలు సమయం. ఇది టామ్ మిల్లర్ డ్యామ్ నిలిపిన నీరు, మట్టం దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఎగువనున్న లేక్ ట్రావిస్‌లోలా నీళ్లు వెనక్కెళ్లి ఒడ్డు రాళ్లు తేలడం ఇక్కడ అరుదు.

టెంటు చోటు ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి, చల్లటి నెలల్లో వారాంతాలు తొందరగా నిండుతాయి. నేల మీద మెత్తటి మట్టి కుప్ప కనిపిస్తే అవి ఫైర్ యాంట్స్, మంట పుట్టేలా కుట్టే చీమలు, పది అడుగులు జరగండి. కూలర్ మూత కట్టకపోతే రాత్రి రకూన్లు తెరుస్తాయి, పులిహోర డబ్బాతో సహా కారులో పెట్టేయండి. బర్న్ బ్యాన్ (మంటలపై నిషేధం) ఉన్న రోజుల్లో కట్టెలు, బొగ్గు వెలిగించకూడదు. ప్రొపేన్ స్టవ్‌కు అనుమతి ఉందో లేదో గేటు దగ్గరే అడగండి, లేకపోతే వండినవే తీసుకెళ్లండి.

నీళ్లలో దిగితే ఈతకు కేటాయించిన చోటే. లేక్ ట్రావిస్‌ను నిలిపే మాన్స్‌ఫీల్డ్ డ్యామ్ అడుగు నుంచి వదిలే నీరు కాబట్టి మే నెలలో కూడా చల్లగా తగులుతుంది. 2017 నుంచి ఇక్కడ జీబ్రా మస్సెల్స్ అనే చారల గుల్లలు ఉన్నాయి. రాళ్లకు అతుక్కున్న ఆ గుల్లలు బ్లేడులా కోస్తాయి, పిల్లలకు నీటి బూట్లు వేయండి. కయాక్‌లో వెళ్తే 13 ఏళ్ల లోపు వాళ్లు లైఫ్ జాకెట్ ఒంటి మీద వేసుకుని ఉండాల్సిందే, పడవలో పక్కన పెడితే కుదరదు. బయటికి తీశాక కయాక్ లోపలి నీళ్లన్నీ ఒంపేసి, ఆరబెట్టాకే వేరే చెరువులో దించండి.