అమ్మ మోకాళ్ల నొప్పికి పుట్టగొడుగులు పెట్టాలనుకుంటే

చిరంజీవి వాణికి పెద్దమ్మ ఆశీస్సులు.

అమ్మ మోకాళ్ల నొప్పులకు పుట్టగొడుగుల పొడి తెప్పించానని, ఇక నొప్పి మాత్రలు మాన్పించనా అని అడిగావు. మాన్పించొద్దు తల్లీ. ముందు ఆ మాట చెప్పి మిగతాది రాస్తున్నాను.

పుట్టగొడుగులకు నొప్పి తగ్గించే గుణం ఉందన్నది ఉత్త పుకారేమీ కాదు. 2008లో బ్రెజిల్ పరిశోధకులు ప్లూరోటస్ పల్మొనేరియస్ అనే రకం మీద పనిచేశారు. మన బజారులో దొరికే ఆయిస్టర్ పుట్టగొడుగులకు అది దగ్గరి చుట్టమే. దాన్నుంచి తీసిన గ్లూకాన్ అనే పదార్థం ఇచ్చాక ఎలుకల్లో నొప్పి లక్షణాలు తగ్గాయి. చదివినప్పుడు నాకూ ఆశ కలిగింది. కానీ వాళ్లు శుద్ధి చేసిన పదార్థాన్ని సూదితో పొట్టలోకి ఎక్కించారు. మనమేమో కూర వండుకు తింటాం, లేదా పొడి పాలలో కలుపుకుంటాం. రెండూ ఒకటి కావు. అరిగిన మోకాలికి ఆ పొడి పనిచేస్తుందని ఆ ప్రయోగం చూపించి ఎవరైనా అమ్మితే నమ్మకు.

నేనైతే విటమిన్ డి కోసం పెట్టమంటాను. అది తగ్గితే ఎముకలూ కండరాలూ నొప్పి పుడతాయి. ఇల్లు కదలని మన ఆడవాళ్లలో ఆ లోపం చాలా ఎక్కువ. పుట్టగొడుగుల్లో ఉండే ఎర్గోస్టెరాల్ అనే పదార్థం, ఎండ తగిలితే విటమిన్ డి2గా, అంటే విటమిన్ డిలోనే ఒక రకంగా మారుతుంది. బటన్ పుట్టగొడుగులు పలచగా కోసి, పళ్లెంలో పరిచి, మధ్యాహ్నం ఎండలో అరగంట ఉంచు. ఆరుబయటే పెట్టాలి సుమా, కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. తర్వాత మిరియాలు, వెల్లుల్లి వేసి వేయించు. వండినా ఆ విటమిన్ చాలావరకు నిలుస్తుంది. వారానికి రెండు మూడుసార్లు పెట్టు. పచ్చివి మాత్రం వద్దు.

ఈలోగా అమ్మకు విటమిన్ డి రక్తపరీక్ష చేయించు. బాగా తక్కువుంటే కూరతో తీరదు, డాక్టరు రాసిన మందు వాడాల్సిందే.

వానలకు పొలం గట్ల మీద మొలిచినవి ఎవరైనా ప్రేమగా తెచ్చిచ్చినా తీసుకోకు. కొన్నిటి విషం ఉడికించినా పోదు. తిన్న ఆరు గంటలకో, ఇంకా ఆలస్యంగానో వాంతులు మొదలవుతాయి, ఆపైన కాలేయం దెబ్బతింటుంది.

పొడి డబ్బా అమ్మ డాక్టరుకు చూపించు. ఆయన సరేననేదాకా మూత తీయొద్దు. అమ్మ బీపీ, షుగర్ మాత్రల చీటీ కూడా తీసుకెళ్లు. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు. రక్తపరీక్ష రిపోర్టు రాగానే నాకు ఫొటో పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ