డాక్టర్ సలహా: మోకాళ్లకి పొట్లం బిళ్లలు వేసుకుంటూ హిమాలయాలకా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది దర్శి, వయసు 48, బట్టల షాపు ఉంది. మే నెలాఖర్లో నలుగురు ఫ్రెండ్స్‌మి కలిసి నాలుగైదు రోజులు కొండల్లో ట్రెక్కింగ్‌కి పోదామనుకుంటున్నాం, అందరికీ ఇదే మొదటిసారి. ఒకరు కేదార్‌కంఠ అంటున్నారు, ఒకరు దయారా బుగ్యాల్ అంటున్నారు, రెండూ ఉత్తరాఖండ్‌లోనే. ఈజీగా ఉండేది ఏది? షూస్ ఎట్టాంటివి కొనాలి? నాకు బీపీకి టెల్మిసార్టాన్-హెచ్ రోజూ ఒకటి. మోకాళ్లు నొప్పి చేస్తే మెడికల్ షాపులో ఇచ్చే బిళ్లలు వేసుకుంటా, వెంటనే తగ్గుతుంది. రెండో ఫ్లోర్ ఎక్కితే కొంచెం ఆయాసం, అది బరువు వల్లే. పైన తలనొప్పి రాకుండా డయామాక్స్ వేసుకోమంటున్నారు, ఎన్ని కొనాలి?

జవాబు: ఏ కొండ ఈజీ అన్నది తర్వాత చూద్దాం అండీ. మీరు మాటవరసకి రాసేసిన మోకాళ్ల బిళ్లలూ ఆ ఆయాసమూ, ముందు నా కంట్లో పడ్డవి అవే.

ఆ బిళ్లల పేరు రాయలేదంటే బహుశా మీకూ తెలీదు. ఓపీలో రోజూ చూసేదే ఇది, పేషెంట్ చొక్కా జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీస్తాడు, విప్పితే కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్ ముక్కలు, పేరున్న వైపు ఎప్పుడో పోయుంటుంది, ఒక పసుపుది, ఒక తెల్లది, ఒక చిన్న గులాబీ రంగుది. ఒకటి డైక్లోఫెనాకో అసిక్లోఫెనాకో, ఏదో ఒక పెయిన్ కిల్లర్ అయ్యుంటుంది, ఒకటి గ్యాస్‌ది, మూడోది స్టెరాయిడ్ అయినా ఆశ్చర్యం లేదు. మీది చూడకుండా అదే అని నేను చెప్పలేను, కానీ పూట తిరిగేసరికి నొప్పి మాయమైందంటే నాకు మాత్రం సంతోషం వెయ్యదు.

ఎందుకంటే మీరు వేసుకునే టెల్మిసార్టాన్-హెచ్‌లో బీపీ మందుతో పాటు హైడ్రోక్లోరోథయాజైడ్ అని మూత్రం ఎక్కువ పోయించేది కూడా ఉంటుంది. దాని మీద పెయిన్ కిల్లర్ పడితే, కిడ్నీ లోపలికి రక్తం వచ్చే సన్న నాళాన్ని పెయిన్ కిల్లర్ బిగిస్తుంది, బయటికి పోయే నాళాన్ని టెల్మిసార్టాన్ వదులు చేస్తుంది, ఒంట్లో నీళ్లు ఆ హెచ్ వల్ల ముందే తగ్గుంటాయి, ఇక వడపోతకి కావాల్సిన ప్రెషర్ లోపల ఎక్కడుంటది? ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుంటే నెట్టుకొస్తారేమో, రోజంతా చెమటలు కక్కుతూ నడుస్తూ నీళ్లు సరిగా తాగకపోతే రెండు మూడు రోజుల్లో క్రియాటినిన్ పెరిగిపోవచ్చు, అంటే కిడ్నీ దెబ్బతింటున్నట్టు. అట్టాగని రేపట్నించి బీపీ టాబ్లెట్ మానెయ్యకండి, అది మంచి మందే, మానాల్సింది పొట్లం. అదీ నెలల తరబడి రోజూ వేసుకుంటుంటే మాత్రం, అందులో స్టెరాయిడ్ ఉందేమో తేలకుండా ఒక్కసారిగా ఆపొద్దు, పొట్లం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

దర్శి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి అవే తాగినవాళ్లకి కీళ్లూ నడుమూ పట్టేస్తాయి, మీది మామూలు అరుగుదలా ఫ్లోరోసిసా అన్నది ఎక్స్‌రే చూస్తే గానీ తెలీదు. అప్పటిదాకా మరీ నొప్పి ఉంటే పారాసెటమాల్, అదీ లివర్ జబ్బు లేకపోతే, మద్యం అలవాటు లేకపోతే.

ఇక ఆయాసం. బరువు వల్లే అని మీరే తీర్పు ఇచ్చేసుకున్నారు. అదే కావచ్చు కూడా. కానీ 48 ఏళ్లు, బీపీ, రెండు ఫ్లోర్లకే ఆయాసం అంటే గుండె సంగతి తేల్చుకోకుండా కొండెక్కమని ఏ డాక్టరూ చెప్పడు. కొందరికి, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లకి, గుండె రక్తనాళాల్లో అడ్డు ఉన్నా ఛాతీ నొప్పి రాదు, ఆయాసం ఒక్కటే వస్తుంది. ఈసీజీ ఒక్కటి తీయించుకుని నార్మల్ అని ఇంటికి పోవద్దు, ఎకో అనే గుండె స్కాన్, అవసరమైతే ట్రెడ్‌మిల్ టెస్ట్, వాటితో పాటు క్రియాటినిన్, సోడియం, పొటాషియం, షుగర్, హిమోగ్లోబిన్. ఒంగోల్లో ఒక్క పూటలో అయిపోయే పని. టికెట్లు బుక్ చేశాక చూసుకుందాంలే అనుకుంటారు చాలామంది, ఆ తర్వాత రిపోర్టులో ఏదున్నా డబ్బులు పోతాయని వెళ్లిపోతారు. అందుకే ముందు ఇది.

డయామాక్స్ అసలు కొనొద్దు. అది కూడా మూత్రం ఎక్కువ పోయించే మందే, మీ హెచ్‌కి తోడైతే పొటాషియం ఇంకా పడిపోవచ్చు, సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోకూడదు. రిపోర్టులు చూసి అవసరమైతే మీ ఫిజీషియనే డోసుతో సహా రాస్తారు. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా తలనొప్పి, వికారం రావచ్చు, జిమ్‌కి పోయే కుర్రాళ్లకీ వస్తుంది. 3,000 మీటర్లు దాటాక ఈ రాత్రి పడుకున్న చోటికీ రేపు రాత్రి పడుకునే చోటికీ ఎత్తు తేడా 500 మీటర్లు మించకూడదు. తలనొప్పి మొదలైతే ఇంకా పైకి పోవద్దు, తగ్గకపోతే దిగాలి. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, అప్పుడే దిగాలి. నొప్పి బిళ్ల వేసుకుని పైకి ఎక్కడం, చలికని ఒక పెగ్గు వేసుకోవడం, నిద్రకని ఇంకో టాబ్లెట్, ఈ మూడూ ప్రాణాల మీదకి తెచ్చేవే.

సరే, ఎక్కడికి అంటారా. కేదార్‌కంఠ శిఖరం 3,800 మీటర్ల దగ్గర్లో ఉంటుంది, దయారా మైదానం కూడా 3,000 దాటే ఉంటుంది, ఈజీ అని రాసేది దారి గురించే గానీ గాలి గురించి కాదు. రిపోర్టులన్నీ బాగుండి హిమాలయమే చూడాలంటే ముస్సోరీ వైపు నాగ్ టిబ్బా చూడండి, శిఖరమే 3,000 మీటర్లకి కాస్త పైన. నన్నడిగితే మీ నలుగురికీ ఈసారికి ఊటీనో కొడైకెనాలో చాలు, రెండూ 2,100 నుంచి 2,250 మీటర్ల మధ్యలో ఉన్నాయి, రోజూ నాలుగైదు గంటలు నడిచి రాత్రికి రూముకి వచ్చి పడుకోవచ్చు. అడవి దారి అయితే ఫారెస్టు వాళ్ల పర్మిషన్ లేకుండా అడుగు పెట్టొద్దు, 2018 మార్చిలో తమిళనాడులోని కురంగణి కొండల్లో మంటల్లో చిక్కుకుని ట్రెక్కింగ్‌కి పోయినవాళ్లు చనిపోయారు. దగ్గర్లో ఉంది కదా అని రోహిణి కార్తెలో పెంచలకోన కొండలో నల్లమలో ఎక్కుతారేమో, ఆ ఎండలో నేనైతే వద్దనే అంటాను.

డాక్టర్ ఓకే అన్నాక ఇప్పట్నించే తెల్లారుజామున గంట నడవండి. ఒకసారి తిరుపతిలో శ్రీవారి మెట్టు, 2,388 మెట్లు, ఆగి ఆగి ఎక్కి చూడండి, ఛాతీ బరువుగా ఉన్నా కళ్లు తిరిగినా అక్కడే ఆపేయండి. మోకాళ్లకి ఎక్కడం కంటే దిగడమే కష్టం, చేతికర్ర ఒకటి ఉంచుకోండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ అంటే పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటర్ నీళ్లలో కలపాలి, గ్లాసులో కాస్త కాస్త వేసుకోవడం కాదు, బీపీ ఉన్నవాళ్లు ఊరికే దాహానికి తాగేది కూడా కాదు.

షూస్ సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, మందం సాక్సు వేసుకుని వేళ్ల ముందు కొంచెం ఖాళీ ఉండేట్టు చూసుకుని, కనీసం మూడు వారాలు ఊళ్లోనే వాడండి. మిగిలిన ముగ్గురి వయసులు, బీపీ, షుగర్ సంగతి ఏమీ రాయలేదు, ఒంగోలు వచ్చేటప్పుడు వాళ్లనీ వెంటబెట్టుకు రండి.