వారానికి మూడే, అదీ మచ్చు చూపించి

మీరు అడిగింది ఇది: నచ్చిన సినిమాలు, పాటలు, సిరీస్‌లు, నెట్‌లో కనపడ్డ మంచి విషయాలు వారం వారం స్నేహితులకీ బంధువులకీ పంపుతుంటే మొదటి వారం అందరూ బొటనవేలు గుర్తు పెట్టారు, నాలుగో వారానికి పలికేవాళ్లే లేరు. చాలాకాలంగా ఈ పని చేస్తున్నవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

నేను 2020 ఏప్రిల్‌లో మొదలుపెట్టాను. మధ్యలో రెండుసార్లు మానేశాను. ఒకసారి సిగ్గేసి, ఒకసారి పనెక్కువై. సిగ్గేసిన సంగతి తర్వాత చెబుతాను.

మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. యార్డుకి శని, ఆదివారాలు సెలవు కాబట్టి శుక్రవారం రాత్రి అన్నాలు తిన్నాక నా మెసేజ్ వెళ్తుంది. మావాళ్లు దానికి ‘శుక్రవారం చీటీ’ అని పేరు పెట్టారు. మొదట్లో నేనూ మీలాగే చేశాను. లాక్‌డౌన్ రోజులు, చేతినిండా ఖాళీ. ఒక్కో మెసేజ్‌లో పది పన్నెండు పేర్లు, ప్రతి పేరు పక్కన ‘సూపర్’, ‘తప్పక చూడండి’. మూడో వారం మా పిన్ని ఫోన్ చేసి, "అబ్బాయ్, నువ్వు పంపింది కిరాణా పద్దులా ఉంది. ఇందులో ముందు ఏది తెచ్చుకోమంటావు?" అంది. నవ్వేశాను గానీ ఆ రాత్రి నా మెసేజ్ నేనే మళ్లీ చదువుకుంటే పిన్ని అన్నది నిజమే అనిపించింది.

యార్డులో టిక్కీని, అంటే మిర్చి బస్తాని, పైనుంచి చూసి ఎవరూ కొనరు. కొనేవాడు సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ బయటికి తీస్తాడు. రంగు చూస్తాడు, విరిచి చూస్తాడు, నొక్కి తేమ చూస్తాడు, తాలు, అంటే రంగు పోయిన పనికిరాని కాయ, ఎంతుందో చూస్తాడు. అప్పుడు రేటు మాట. ఆ గుప్పెడే మచ్చు. ‘మంచి సరుకండీ బాబూ’ అని రైతు పక్కన నిలబడి ఎంత చెప్పినా మచ్చు చూడకుండా బేరం కదలదు. నా చీటీలో ఉన్నదంతా ‘మంచి సరుకండీ’ అనే మాటే. మచ్చు లేదు.

అప్పటినుంచి వారానికి మూడే పంపుతున్నాను. ఒక్కోదానికి నాలుగైదు వాక్యాలు. అందులో కథ చెప్పను, ఒక్క సన్నివేశమో, ఒక్క చరణమో, ఒక్క సంగతో చెబుతాను. 2020 నవంబరులో మిడిల్ క్లాస్ మెలొడీస్ నేరుగా ఓటీటీలోకి వచ్చింది, దర్శకుడు వినోద్ అనంతోజు. పల్లెటూరి కుర్రాడు గుంటూరులో హోటల్ పెట్టాలనుకోవడం దాని కథ. నేను ‘మన ఊరి సినిమా, చూడండి’ అని రాసి ఉంటే ఎవరూ చూసేవారు కాదు. ‘బొంబాయి చట్నీ మీద ఇంత నమ్మకం పెట్టుకున్న మనిషిని మీరెక్కడా చూసి ఉండరు’ అని రాశాను. సోమవారానికి పదకొండు మంది చూశారు. వారమంతా సినిమా గురించి మాటల్లేవు, బొంబాయి చట్నీ పూరీలోకా దోసెలోకా అన్న యుద్ధమే. బ్రాడీపేటలో ఉండే మా అన్నయ్యయితే తనింటి నుంచి నాలుగు వీధుల్లో దొరికే చట్నీలకు మార్కులు వేసి పంపాడు. అలా పంపమని నేను అడగలేదు.

మచ్చు మొదటినుంచే తీయాలని లేదు. మావాడు చిన్నప్పుడు నలుపు తెలుపు సినిమా అంటే మొహం తిప్పేసేవాడు. 1957 నాటి మాయాబజార్‌కి 2010లో రంగులద్ది విడుదల చేశారు కదా, వాడికి దాన్ని పెట్టాను, అదీ ఘటోత్కచుడి విందు దగ్గర మొదలుపెట్టి. లడ్డూలు గాల్లో ఎగిరి ఆయన నోట్లోకి వెళ్తుంటే వాడు మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పమన్నాడు. ఆ తర్వాత మొదటినుంచీ చూశాడు. ‘లాహిరి లాహిరి’ పాటలో మార్కస్ బార్ట్‌లీ తీసిన వెన్నెల మాత్రం నలుపు తెలుపులోనే చూడాలని నా పట్టు. దీని మీద మా ఇంట్లో ఇంకా గొడవే.

ఇప్పుడు సిగ్గేసిన సంగతి. ఒక హిందీ సిరీస్. రెండు ఎపిసోడ్లు చూసి, మిగతాదీ ఇలాగే ఉంటుందిలే అనుకుని, ‘ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు’ అని రాసేశాను. మా బాబాయి తెనాలిలో ఉంటారు. ఆదివారం మధ్యాహ్నం కోడల్ని, మనవల్ని, పక్కింటి మాస్టారి దంపతుల్ని కూడా పిలిచి పెద్ద టీవీలో పెట్టారు. మూడో ఎపిసోడ్‌లో రాకూడనిది వచ్చింది. సమయానికి రిమోట్ సోఫా సందులోకి జారిపోయిందట. సాయంత్రం బాబాయి ఫోన్ చేశారు. కోప్పడలేదు. "ఏరా, అసలు నువ్వు చూశావా అది?" అని ఒక్క మాటే అడిగారు. కోప్పడినా బాగుండేది. ఏడు వారాలు చీటీ లేదు.

మళ్లీ మొదలుపెట్టినప్పటినుంచి చివరిదాకా చూడనిది రాయడం లేదు. మరీ రాయాలనిపిస్తే ‘రెండు ఎపిసోడ్లే చూశాను’ అని ముందే ఒప్పుకుంటాను. ఇంకో వాక్యం కూడా తప్పనిసరి చేసుకున్నాను: ఇది ఎవరికి పడదు అన్నది. ‘రక్తం ఎక్కువ, పిన్ని చూడొద్దు.’ ‘నిదానంగా నడుస్తుంది, బట్టలు మడతపెట్టుకుంటూ చూస్తే అర్థం కాదు.’ విచిత్రమేమంటే ఈ వాక్యం చదివే జనానికి మిగతా వాక్యాల మీద నమ్మకం కుదిరింది. వద్దన్నవాళ్లు పట్టుబట్టి చూడటం కూడా ఉంది, పిన్నితో సహా.

గ్రూపులో పంపొద్దని నా సలహా. గ్రూపులో పెళ్లి ఫోటోలు, గుడ్ మార్నింగులు, రాజకీయాల కింద మీ మెసేజ్ గంటలో మునిగిపోతుంది. పైగా నలుగురి ముందు ‘నాకు నచ్చలేదు’ అని చెప్పడానికి మొహమాటం. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టుకోండి. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు, ఎవరికి వారికి విడిగా పంపినట్టే వెళ్తుంది, జవాబు మీ ఒక్కరికే వస్తుంది. మీ నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉండాలి, లేకపోతే చేరదు. ఈ ముక్క తెలియక మా వదిన పట్టించుకోవడం లేదని నేను ఆర్నెల్లు నొచ్చుకున్నాను. ఆమె కొత్త ఫోన్లో నా నంబరే లేదు.

ఇంకొకటి, లింకులు. మావాళ్లలో పెద్దవాళ్లు లింకు నొక్కరు. నొక్కితే బ్యాంకులో డబ్బులు పోతాయేమోనని టెన్షన్, వాళ్లని తప్పుపట్టలేం. అందుకని ఏ పేరు పెట్టి వెతకాలో తెలుగులోనే రాస్తాను. సినిమా అయితే ఎందులో ఉందో రాస్తాను. ఓటీటీల్లో సినిమాలు అద్దె ఇళ్లు మారినట్టు మారుతుంటాయి, పంపేముందు ఏ సినిమా ఎందులో ఉందో చెప్పే జస్ట్‌వాచ్ సైటులో ఒకసారి చూసుకుంటే మాట పోదు.

పాటల సంగతి వేరు. సినిమా చూడటానికి రెండున్నర గంటలు కావాలి, పాటకి నాలుగు నిమిషాలు చాలు, కాబట్టి పాటలే ఎక్కువమంది వింటారనుకున్నాను. కాదు. పాట అనేసరికి ‘నాకు తెలిసిందేగా’ అని వదిలేస్తారు. దాని వెనక ఒక సంగతి ఉంటే వింటారు. ఒక శుక్రవారం ఘంటసాల పాడిన పుష్పవిలాపం పంపాను. ఆ పద్యాలు కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారివి, ఆయన మా ఊరి ఏసీ కాలేజీలో తెలుగు చెప్పేవారు. రోజూ ఆ కాలేజీ గోడ పక్కనుంచే బండి మీద వెళ్లే నాకు ఆ సంగతి చీటీ రాయడానికి కూర్చున్నప్పుడే తెలిసింది. అదే రాశాను. బెంగళూరులో ఉండే మా మేనల్లుడు విని, ఒక మాట అర్థం కాక వాళ్ల అమ్మమ్మకి, అంటే మా అమ్మకి, ఫోన్ చేశాడు. అమ్మ అర్థం చెప్పి ఊరుకోలేదు, వంటింట్లో నిలబడి తర్వాతి పద్యం, ఆ తర్వాతిది, వరసగా అప్పజెప్పింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. వాడు నాకు ఫోన్ చేసి, "మావయ్యా, అమ్మమ్మకి ఇవన్నీ వచ్చని ఎప్పుడూ చెప్పలేదేంటి?" అన్నాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

మా మామగారిది విజయవాడ, కృష్ణలంక. ఇప్పుడు పుణెలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆయనకి సినిమాలు అక్కర్లేదు, సిరీస్‌లు అసలే అక్కర్లేదు. ఆయనకోసం ఒక వారం ఆకాశవాణి యాప్ గురించి రాశాను, దాంట్లో విజయవాడ కేంద్రం ఎక్కడున్నా వినొచ్చు. 1948లో మొదలైన కేంద్రం, బాలమురళీకృష్ణగారు పనిచేసిన కేంద్రం, పొద్దున్నే రేడియోలో వచ్చే భక్తిరంజని పాటలతో ఊళ్లు ఊళ్లే లేచిన రోజులు మా మామగారివి. మర్నాడు ఐదున్నరకే మా బావమరిది నుంచి మెసేజ్: "బావా, నాన్నగారు ఫోన్ సౌండు ఫుల్లు పెట్టారు. తగ్గించడం ఎలాగో కూడా చీటీలో రాయి."

నెట్‌లో దొరికినవాటికి గిరాకీ తక్కువ, కానీ పట్టుకున్నవాళ్లు వదలరు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావుగారు 1997లో పెట్టిన తెలుగు కథల లైబ్రరీ, కథానిలయానికి వెబ్‌సైటు ఉంది, రచయిత పేరు కొడితే పాత పత్రికల్లో పడ్డ కథలు కనిపిస్తాయి. ఆంధ్రభారతి అనే సైటులో ఒక మాట కొడితే బోలెడు నిఘంటువులు ఒకేసారి వెతికి పెడుతుంది. ఈ రెంటి గురించి ఎప్పుడో రాస్తే మా కొట్లో హమాలీ మేస్త్రి కూతురు, డిగ్రీ చదువుతోంది, ఇప్పటికీ వారానికొక మాట నాకు పంపి అర్థం చెప్పమంటుంది. చూసి చెబితే తప్పట. చూడకుండా చెప్పాలట.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాకు సీజను. రోజుకి లక్ష టిక్కీలు దాటి వచ్చే రోజులుంటాయి, ఇంటికొచ్చేసరికి ఒళ్లంతా ఘాటు, కళ్లు మంట. ఏం చూస్తాం, ఏం రాస్తాం? రెండోసారి మానేసింది అందుకే. ఇప్పుడు ఆ మూడు నెలలు ఒక్క పాటే పంపుతాను. మీకూ అలాంటి రోజులుంటాయి, ఒక్కటి పంపినా ఫర్వాలేదు. ఏమీ దొరకని వారం ‘ఈ వారం ఏమీ లేదు’ అని పంపినా ఎవరూ తిట్టరు.

జవాబులు రావడం లేదన్నారు కదా. మా పెద్దబావ రెండేళ్లు ఒక్క బొటనవేలు పెట్టలేదు. లిస్టులోంచి తీసేద్దామనుకున్నాను కూడా. పొన్నూరులో ఒక పెళ్లిలో పక్కన కూర్చుని, పులిహోర కలుపుకుంటూ, "ఆ మధ్య దసరా ముందు పంపావే, వీణ మీద వాయించింది, అది ఫోన్ మారిస్తే పోయింది. మళ్లీ పంపవయ్యా" అన్నాడు. నేను మర్చిపోయాను అది. ఆయన మర్చిపోలేదు. బొటనవేళ్లు లెక్కపెట్టడం ఆ రోజుతో మానేశాను.

చిన్నప్పుడు మాకు కొత్తపేటలో ఒక క్యాసెట్ల కొట్టు ఉండేది. పాటల పేర్లు కాగితం మీద రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవాడు. రెండోవైపు చివర్లో మూడు నిమిషాలో నాలుగు నిమిషాలో టేపు మిగిలితే ఖాళీగా వదలకుండా తనకి నచ్చిన పాట ఒకటి వేసేవాడు. దానికి డబ్బులు తీసుకునేవాడు కాదు, ఏ పాటో చెప్పేవాడూ కాదు. అడిగిన పన్నెండు పాటలూ అరిగిపోయాక నేను చివరిదాని కోసం ఆ క్యాసెట్ పెట్టుకునేవాణ్ణి. ఆయన పేరు కూడా నాకు తెలియదు.

అది గుర్తొచ్చే చీటీలో మూడో చోటు నేను వాడుకోకుండా వేరేవాళ్లకి ఇచ్చేశాను. ఎవరైనా తమకు నచ్చింది చెబితే వాళ్ల పేరుతోనే పంపుతాను. దీంతో జవాబులు ఒక్కసారిగా పెరిగాయి. తాలు కూడా పెరిగింది, దాన్ని ఏరడం నా పని.

ఈ శుక్రవారం చీటీ సగం రాసి ఉంది. మొదటిది రేడియో గార్డెన్ అనే సైటు, భూగోళాన్ని వేలితో తిప్పి ఏ చుక్క మీద ఆపితే ఆ ఊరి రేడియో వినపడుతుంది. పిల్లలకి ఇస్తే గంట దాకా ఫోన్ వెనక్కి రాదు, ముందే చెబుతున్నా. రెండోది బాలమురళిగారు పాడిన ‘శ్రీసూర్యనారాయణా మేలుకో’, తెల్లారాకే వినండి, రాత్రి వింటే నిద్ర పట్టదు. మూడోది పిన్ని చెబుతానంది. మంగళవారం నుంచి అడుగుతున్నాను, "ఆగు, ఇంకా అరగంట చూడాలి" అంటోంది.