అప్పుల దేశమని ఇటలీని వద్దనుకోవాలా?

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మా అబ్బాయి ఒంగోలులో బీటెక్ మెకానికల్ పూర్తి చేశాడు, 7.4 వచ్చింది. ఇటలీలో మాస్టర్స్ చేస్తానంటున్నాడు. అక్కడ ఫీజు తక్కువ, స్కాలర్‌షిప్ కూడా వస్తుందట. మా బావమరిదేమో "ఆ దేశం నిండా అప్పులు, అక్కడి కుర్రాళ్ళే ఉద్యోగాల్లేక బయటికి పోతున్నారు, నువ్వెందుకు పంపడం" అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? పంపాలంటే ఉన్న రెండెకరాలూ తాకట్టు పెట్టాలి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: నమస్తే అండి. మీ బావమరిది గారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మీ అబ్బాయి చెప్పిందీ నిజమే. చిక్కల్లా ఇద్దరూ ఇటలీ మొత్తాన్ని ఒకే ముద్దగా చూడటంలో ఉంది. ఆ దేశానికి ఎక్కడ బలముందో, ఎక్కడ లేదో విడదీసి చూస్తే మీ అబ్బాయి విషయంలో నిర్ణయం తేలికవుతుంది.

ముందు మీకు బాగా తెలిసిన చోటి నుంచే మొదలుపెడతాను. మీ యూనిట్లో బ్లాకులు కోసే మిషన్, పాలిష్ లైను ఒకసారి గుర్తు చేసుకోండి. వాటిలో ఏదో ఒకదాని మీద ఇటలీ కంపెనీ ప్లేటు ఉండే అవకాశం చాలా ఎక్కువ. మీ ఊరి గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు అక్కడికి వెళ్తాయి, అక్కడి మిషన్లు మీ ఊరికి వస్తాయి. ఇటలీ అసలు బలం అదే. పేరు పెద్దగా వినపడని ఊళ్ళలో, ఒక్కో పనిలో తరాల తరబడి చేయి తిరిగిన కంపెనీలు. కరారా, వెరోనా చుట్టూ రాయి, రాతి మిషన్లు. సస్సువోలోలో టైల్స్. బొలోన్యా చుట్టూ ప్యాకింగ్ మిషన్లు. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో టాబ్లెట్లు బ్లిస్టర్‌లో ప్యాక్ చేసే లైన్ల మీద కూడా ఆ ప్రాంతపు పేర్లు కనిపిస్తాయి. ఇటలీ అనగానే అందరికీ బట్టలు, పిజ్జా, టూరిజం గుర్తొస్తాయి. కానీ ఆ దేశం ఎగుమతుల్లో పెద్ద వాటా యంత్రాలది. ఏటా 600 బిలియన్ యూరోలకు పైగా, అంటే మన లెక్కలో 50 లక్షల కోట్ల రూపాయలకు పైగా సరుకు బయటి దేశాలకు అమ్ముతారు. ఫ్యాక్టరీ ఉత్పత్తిలో యూరప్‌లో జర్మనీ తర్వాత స్థానం వాళ్ళదే. మెకానికల్ చదివిన పిల్లవాడికి ఇది చిన్న విషయం కాదు.

ఇక అప్పు సంగతి. 2024 చివరికి ఇటలీ ప్రభుత్వ అప్పు జీడీపీలో దాదాపు 135 శాతం. యూరో దేశాలు తమకు తాము పెట్టుకున్న హద్దు 60 శాతం. ఇదేమీ నిన్న మొన్న చేసిన అప్పు కాదు. 1980లలో పెరిగి పెరిగి 1990ల మొదట్లోనే వంద శాతం దాటింది. 2011 నవంబరులో ప్రభుత్వం అప్పు కోసం అమ్మే పదేళ్ళ బాండ్ల మీద వడ్డీ 7 శాతం దాటడంతో ప్రభుత్వమే మారిపోయింది. మరుసటి ఏడాది జూలైలో యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ అధ్యక్షుడు మారియో ద్రాగి, యూరోను కాపాడటానికి ఏం చేయడానికైనా సిద్ధమని ప్రకటించాకే మార్కెట్ శాంతించింది. అయితే ఆ అప్పులో ఎక్కువ భాగం దేశం లోపలి బ్యాంకులకు, సంస్థలకు, కుటుంబాలకే బాకీ. పైగా అక్కడి కుటుంబాలు అప్పులు తక్కువ చేసి, పొదుపు గట్టిగా చేసే రకం. అందుకని రేపో ఎల్లుండో దివాళా తీస్తుందని భయపడక్కర్లేదు.

కానీ ఆ భారం మీ అబ్బాయిని వేరే దారిలో తాకుతుంది. ప్రభుత్వం ఏటా వడ్డీకి కట్టేది దాదాపు విద్య మీద పెట్టే ఖర్చంత ఉంటోంది. పరిశోధనకు దేశం మొత్తం మీద పెట్టేది జీడీపీలో ఒకటిన్నర శాతం కూడా లేదు, జర్మనీలో అది 3 శాతానికి పైన. జీతం మీద పన్నులు, సామాజిక భద్రత కోతలు చాలా ఎక్కువ. కంపెనీ ఒక ఉద్యోగి మీద వంద యూరోలు ఖర్చు పెడితే, అతని చేతికి వచ్చేది 55 యూరోలకు అటూ ఇటూగా.

జీతాల మాట చెప్పాలంటే నాకే బాధగా ఉంటుంది. 1990 నుంచి 2020 దాకా 30 ఏళ్ళలో, ధరల పెరుగుదల తీసేసి చూస్తే, అక్కడ సగటు వేతనం పెరగకపోగా దాదాపు 3 శాతం తగ్గింది. యూరప్‌లో ఇంకే పెద్ద దేశంలోనూ అలా జరగలేదు. కొత్తగా చేరిన ఇంజినీరుకు కోతలన్నీ పోను నెలకు 1,500 నుంచి 1,800 యూరోల మధ్య వస్తుందనుకోండి. మిలాన్‌లో ఒక్క గదికే 600, 700 యూరోలు పోతాయి. చట్టం ప్రకారం దేశమంతటికీ ఒకే కనీస వేతనం కూడా లేదు, రంగాల వారీగా యూనియన్లు కుదుర్చుకున్న ఒప్పందాలే ఆధారం. ఆ ఒప్పందాల్లో డిసెంబరులో ఇచ్చే 13వ నెల జీతం ఒక మంచి విషయం. మీరు రెండెకరాలు తాకట్టు పెట్టి, జర్మనీ జీతం లెక్కేసుకుని ఈఎంఐ వేసుకుంటే మాత్రం ఇబ్బంది పడతారు.

మరి అక్కడి కుర్రాళ్ళే బయటికి పోతుంటే మనవాడు వెళ్ళి ఏం చేస్తాడు? ఇది మీ బావమరిది గారి ప్రశ్నల్లో అన్నిటికన్నా గట్టిది. పాతికేళ్ళ లోపు వాళ్ళలో పని వెతుక్కునేవారిని తీసుకుంటే, ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు ఖాళీగా ఉన్నారు. చదువుకున్నవాళ్ళు మంచి జీతం కోసం జర్మనీ, స్విట్జర్లాండ్ వెళ్తున్నారు. అదే సమయంలో అక్కడి కంపెనీలు నింపాలనుకునే ఉద్యోగాల్లో దాదాపు సగానికి సరైన మనిషి దొరకడం లేదు. 2024లో ఆ దేశంలో పుట్టిన పిల్లలు 3 లక్షల 70 వేలే. ఆరు కోట్ల జనాభాకు అది ఎంత తక్కువో మీరే ఆలోచించండి. మిషన్ డిజైన్, ఆటోమేషన్, మెయింటెనెన్స్ తెలిసినవాళ్ళ కోసం ఉత్తరాది కంపెనీలు వెతుక్కుంటున్నాయి. అంటే ఖాళీలు ఉన్నచోటికి, కావలసిన పని నేర్చుకుని వెళ్ళేవాడికి దారి ఉంది.

ఆ దారిలో మొదటి మెలిక ఊరు. ఇటలీలో ఉత్తరం వేరు, దక్షిణం వేరు. తలసరి ఆదాయంలో దక్షిణాది ఉత్తరాదికి సగానికి కాస్త పైన మాత్రమే ఉంటుంది. 1950లో దక్షిణాది కోసం ప్రత్యేక నిధి పెట్టి, దశాబ్దాల పాటు రోడ్లకూ ఫ్యాక్టరీలకూ ఖర్చు పెట్టినా ఆ తేడా పోలేదు. మన పిల్లలు చాలామంది స్కాలర్‌షిప్ తేలిగ్గా వస్తుందని మెస్సీనా, కలాబ్రియా లాంటి చోట్ల సీట్లు తీసుకుంటున్నారు. చదువు అక్కడా చెబుతారు, కాదనను. కానీ ఇంటర్న్‌షిప్ ఇచ్చే ఫ్యాక్టరీ వెయ్యి కిలోమీటర్ల అవతల ఉంటుంది. అందుకని మీ అబ్బాయి మొదటి జాబితాలో బొలోన్యా, మోదెనా, పార్మా, తురీన్, మిలాన్, పాదువా ఉండాలి. దక్షిణాదిలోనే సీటొస్తే, చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఉత్తరాది కంపెనీలో చేసే వీలుందో లేదో చేరకముందే యూనివర్సిటీకి మెయిల్ రాసి కనుక్కోమనండి.

ఇక్కడే ఇంకో మాట. మెకానికల్ పిల్లలు ఇటలీ అనగానే ఫెరారీ అంటారు. మరనెల్లోలో ఆ కంపెనీ తయారు చేసేది ఏడాదికి 14 వేల లోపు కార్లు. ఎంతమందిని తీసుకుంటుందో ఊహించుకోవచ్చు. మామూలు కార్ల సంగతి ఇంకా దిగాలుగా ఉంది. ఫియట్ వారసురాలైన స్టెల్లాంటిస్ 2024లో ఇటలీలో చేసిన కార్లు 3 లక్షల లోపే. 1956 తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. కాబట్టి ఆటోమొబైల్ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవద్దనండి. ప్యాకింగ్ యంత్రాలు, ఫుడ్ ప్రాసెసింగ్ యంత్రాలు, సిరామిక్ యంత్రాలు, వీటిలో పని ఎక్కువ, పోటీ తక్కువ.

రెండో మెలిక భాష. దీని గురించి కాస్త వివరంగా చెప్తాను, మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అక్కడ నూటికి 95 కంపెనీల్లో పదిమంది కూడా ఉండరు. మంచి మిషన్లు చేసేవి కూడా చాలావరకు ముప్పై, నలభై మంది ఉండే కుటుంబ వ్యాపారాలే. నా దగ్గర కౌన్సెలింగ్ తీసుకున్న ఖమ్మం అబ్బాయి ఒకడు పార్మా దగ్గర అలాంటి కంపెనీలో చేస్తున్నాడు. ఒకరోజు వీడియో కాల్‌లో వర్క్‌షాప్ చూపించాడు. జామ్ సీసాలు నింపే మిషన్ ఒకటి సగం బిగించి ఉంది. పక్కన డెబ్భై ఏళ్ళ ఓనర్ చేతులకు గ్రీజుతో నిలబడి, వాల్వ్ ఎందుకు ఆలస్యంగా తెరుచుకుంటోందో ఫిట్టర్‌తో వాదిస్తున్నాడు. అంతా ఇటాలియన్‌లోనే. మా వాడు మధ్యలో మాట కలిపి ఏదో చెబితే, ఆయన తలూపి డ్రాయింగ్ తెప్పించాడు. "సార్, ఇంగ్లీషులో చదివాను, కానీ ఈ ఉద్యోగం నిలబడింది మాత్రం ఇటాలియన్ వల్లే" అన్నాడు. అతనితోపాటు వెళ్ళిన ఇద్దరు భాష పట్టించుకోలేదు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే ఏడాది పర్మిట్ డెలివరీ పనుల్లోనే అయిపోయింది.

మీ అబ్బాయి ఇప్పుడే మొదలుపెడితే విమానం ఎక్కేలోపు ఏ2 స్థాయి (రోజువారీ మాటలు అర్థమయ్యే మెట్టు), రెండో ఏడాదికి దానికి పై మెట్లైన బీ1, బీ2 అందుకోవచ్చు. రోజుకు గంట చాలు, కానీ ఒక్క రోజు కూడా మానకూడదు. ఆరు నెలల్లో ఏ2 కూడా రాలేదంటే ఇటలీ ఆలోచన అక్కడితో ఆపేయమని నేను మొహమాటం లేకుండా చెప్తాను.

డబ్బు విషయం. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. ఎక్కువలో ఎక్కువ ఏడాదికి 4 వేల యూరోల దగ్గర ఆగుతుంది, మీ ఆదాయానికి చాలా తగ్గుతుంది. స్కాలర్‌షిప్ ఇచ్చేది ప్రాంతీయ ప్రభుత్వ సంస్థలు, అదీ ఆదాయాన్ని బట్టే. బయటి నుంచి వచ్చి ఉండేవాళ్ళకు ఏడాదికి 5 వేల యూరోల పైనే వస్తుంది, అందులో కొంత హాస్టల్ గది, మెస్ రూపంలో ఇస్తారు. తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు నిల్వలు, మీ పొలం, ఇంటి కాగితాలు అన్నీ అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా మన ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించి, ఇటాలియన్‌లోకి అనువదించాలి. రెండు నెలలు పట్టే పని, వేసవి దాకా వాయిదా వేయకండి. మొదటి విడత చేతికొచ్చేసరికి చలికాలం అవుతుంది కాబట్టి, తొలి ఆరు నెలల ఖర్చు దగ్గర ఉంచుకోవాలి. మొదటి ఏడాది చెప్పినన్ని క్రెడిట్లు (సబ్జెక్టులు పాసైతే వచ్చే పాయింట్లు) పూర్తి చేయకపోతే తీసుకున్న సొమ్ము వెనక్కి కట్టమంటారు. ఈ షరతు చాలామంది తల్లిదండ్రులకు ఏజెంట్లు చెప్పరు.

అందుకని పొలం విషయంలో నా మాట ఇది. రెండెకరాలూ పెట్టకండి. స్కాలర్‌షిప్ వస్తే ఆరు నెలల ఖర్చు, టికెట్లు, వీసాకు చూపించాల్సిన నిల్వ, వీటికి సరిపడా విద్యా రుణం చాలు. రాకపోతే ఈ ఏడాదికి ఆగండి. ఆ ఏడాది మీ అబ్బాయి ఖాళీగా కూర్చోకుండా శ్రీసిటీలోనో, హైదరాబాద్ మందుల కంపెనీల్లోనో మెయింటెనెన్స్‌లో చేరితే అనుభవం వస్తుంది. శ్రీసిటీలో ఇటలీ కంపెనీల ప్లాంట్లు కూడా ఉన్నాయి.

ఈ వారంలో ఒక పని చేయండి. మీ అబ్బాయిని యూనిట్‌కు తీసుకెళ్ళి, మిషన్ల మీద ఇటలీ కంపెనీల ప్లేట్లు ఏవేవి ఉన్నాయో రాయించండి. ఆ కంపెనీ ఏ ఊళ్ళో ఉందో, దగ్గరలో ఏ యూనివర్సిటీ ఉందో చూడమనండి. వాళ్ళ సైట్లో ఉద్యోగాల పేజీ తెరిచి, ఏమేం అడుగుతున్నారో, ఏ భాషలో అడుగుతున్నారో చదవమనండి. కనీసం ఐదు కంపెనీలవి చూశాక, ఆ జాబితా నాకు పంపించండి. ఏ కోర్సులు సరిపోతాయో దాన్ని పక్కన పెట్టుకుని చూద్దాం.